జాగ్రత్త: స్కూటర్‌కి "హిల్ కిట్" అని అమ్ముతున్న పెట్టె కొనకండి, నా బెల్ట్ టైడా ఘాట్‌లో తెగింది

ముందే చెప్పేస్తున్నా, స్కూటర్‌కి రోలర్లు (ఇంజిన్ పుల్లీ లోపల ఉండి గేరు మార్చే చిన్న బరువులు) మార్చడం తప్పని నేను అనడం లేదు. తేలిక రోలర్లు వేస్తే కొండ ఎక్కేటప్పుడు బండి బాగా లాగుతుంది, అది నిజమే. ఆ నిజాన్నే ఎర వేసి నాకు చెత్త సరుకు అంటగట్టారు, అదీ నా గోల.

నాది 110 సీసీ స్కూటర్, ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి, అప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. మేముండేది విశాఖలో గోపాలపట్నం వైపు. నెలకి రెండుసార్లైనా మా ఆవిడని ఎక్కించుకుని సింహాచలం కొండ మీదికి వెళ్తుంటాను. కొన్న కొత్తలో డబుల్స్‌తో 40లో ఎక్కిన బండి, పోయినేడాదికి 22 దాటడం మానేసింది. ఒక మలుపు దగ్గర ఆటోవాడు హారన్ కొట్టి మరీ దాటిపోయాడు. మా ఆవిడ "పోనీ నేను దిగి నడుస్తానులే" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు బాగానే తగిలింది.

ఆ రాత్రే ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. 110 బండి మీద ఇద్దరు కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కేస్తున్నారు, కింద వాట్సాప్ నంబరు. పెట్టెలో ఆరు తేలిక రోలర్లు, గట్టి కాంట్రా స్ప్రింగ్, మూడు క్లచ్ స్ప్రింగులు, ఒక బెల్ట్, ఇరిడియం స్పార్క్ ప్లగ్, మొత్తం 4,850. ఫోన్ చేస్తే "తమ్ముడూ, డబుల్స్‌లో అరకు అరవై మీద ఎక్కేస్తావు, నాదీ గ్యారంటీ" అన్నాడు. ఇంకాస్త డబ్బు వేస్తే పెద్ద బోర్ బ్లాక్ (ఇంజిన్ సీసీ పెంచే పెద్ద సిలిండర్) కూడా ఇస్తానన్నాడు, అది మాత్రం వద్దన్నాను. సీసీ మారిస్తే ఆర్సీలో ఉన్నదానికీ బండిలో ఉన్నదానికీ పొంతన ఉండదు, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి అదే సాకు. పైగా ఇంజెక్షన్ బండికి బ్లాక్ ఒక్కటీ మార్చి వదిలేస్తే దానికి తగ్గ పెట్రోలు ఎవడు పోస్తాడు? అంత తెలివి చూపించిన వాణ్ని, బిల్లు అడగకుండా యూపీఐ కొట్టేశాను. తెలివి అక్కడితో అయిపోయింది.

కథ అర్థం కావాలంటే ఎడమ పక్క ఇంజిన్ కేసు లోపల జరిగేది కొంచెం చెప్పాలి. ముందొక పుల్లీ, వెనక చక్రం వైపు ఒక పుల్లీ, రెండిటినీ కలిపి తిప్పేది బెల్ట్. ఇంజిన్ వైపు పుల్లీని వేరియేటర్ అంటారు, అందులో ఆరు రోలర్లు ఉంటాయి. ఇంజిన్ తిరుగుడు పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పుల్లీని మూస్తాయి, బెల్ట్ పైకి ఎక్కుతుంది, అదే మనకి గేరు మారడం. రోలర్ తేలికైతే బయటికి జరగడానికి ఇంకా ఎక్కువ తిరుగుడు కావాలి, అందుకే బండి తక్కువ గేరులోనే ఎక్కువసేపు ఉంటుంది, పికప్ వస్తుంది, కొండ ఎక్కుతుంది. బదులుగా మైలేజ్ పడుతుంది, 50 దాటాక ఇంజిన్ గోల పెడుతుంది. కాంట్రా స్ప్రింగ్ వెనక పుల్లీలో బెల్ట్‌ని నొక్కి పట్టేది. క్లచ్ స్ప్రింగులు గట్టివైతే క్లచ్ ఆలస్యంగా, ఎక్కువ తిరుగుడు దగ్గర పట్టుకుంటుంది. వీటిలో ఏది ఎంత మార్చాలన్నది బండిని బట్టి, మోసే బరువుని బట్టి ఉంటుంది. అన్నీ కలిపి ఒకే పెట్టెలో పెట్టి "అన్ని స్కూటర్లకీ సెట్ అవుతుంది" అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

బిగించింది ఒక రోడ్డు పక్క షాపులో. ఆ కుర్రాడు పుల్లీ తిరక్కుండా ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి నట్టు విప్పాడు, రెండు రెక్కలు విరిగాయి. "ఏం కాదన్నా" అన్నాడు. ఆ రెక్కలే బెల్ట్‌కి చల్లగాలి కొట్టేవి.

మొదటి రెండు వారాలు, అబద్ధం ఎందుకు, పండగే. సిగ్నల్ దగ్గర అందరికంటే ముందుండేవాణ్ని, కొండ 35లో ఎక్కేది. తర్వాత ఒక్కొక్కటీ మొదలైంది. బండి కదిలేటప్పుడు వణుకు, ట్రాఫిక్‌లో కాలిన వాసన, లీటరుకి 46 ఇచ్చేది 37కి పడింది.

అసలు భయపడింది మాత్రం దిగేటప్పుడు. ఇది జాగ్రత్తగా చదవండి, వీడియోల్లో ఎవరూ చెప్పరు. స్కూటర్ యాక్సిలరేటర్ వదిలేసి దిగుతుంటే ఇంజిన్ కొంత పట్టి ఆపుతుంది కదా, ఆ పట్టు క్లచ్ పట్టుకుని ఉన్నంతసేపే. గట్టి స్ప్రింగులు వేస్తే క్లచ్ ముందే వదిలేస్తుంది. నా బండి మామూలుగా బాగా నెమ్మదించాక వదిలేది, కిట్ వేశాక 25 దగ్గరే వదిలేసి న్యూట్రల్‌లో జారినట్టు జారింది. ఇద్దరి బరువూ డ్రమ్ బ్రేకుల మీదే పడింది. సింహాచలం దిగుతుంటే సగం దూరంలో బ్రేక్ లివర్ మెత్తబడింది, ఎంత నొక్కినా పట్టు లేదు. పక్కన మట్టిలోకి దించి, గోడ వారగా ఎలాగో ఆపాను. మా ఆవిడ ఆ రోజు ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయపెట్టింది.

అప్పుడైనా ఆపాలి కదా, ఆపలేదు. మళ్లీ వాడికే ఫోన్ చేస్తే "బ్రేక్ షూలు మార్పించు తమ్ముడూ" అన్నాడు, మార్పించాను. నెల తర్వాత ఫ్రెండ్స్‌తో అరకు బయల్దేరాను, ఒక్కణ్నే బండి మీద. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి ఘాట్ ఎక్కుతున్నాను, టైడా దాటాక టప్ మని శబ్దం, వెనక చక్రం ఒక్క కుదుపు, ఇంజిన్ గుయ్యిమంటోంది గానీ బండి కదలదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. అరకు నుంచి కూరగాయలతో దిగుతున్న వ్యాన్ అతను 1,200 తీసుకుని స్కూటర్‌ని ఎస్.కోటలో దింపాడు, ఆయనకి దణ్ణం.

అక్కడి మెకానిక్ పెద్దాయన కేసు తీసి చూపించాడు. లోపలంతా నల్ల పొడి, బెల్ట్ పళ్లు రాలిపోయి దారాలు వేలాడుతున్నాయి, క్లచ్ బెల్ (క్లచ్ షూలు లోపల పట్టుకునే ఇనుప గిన్నె) కాలి నీలం రంగు తిరిగింది. "ఈ స్ప్రింగ్‌కి ఈ బెల్టా బాబూ, ఇది మన బెల్ట్ కంటే సన్నగా ఉంది చూడు" అన్నాడు. రోలర్లు చేతిలో పోసుకుని "ఇవి ఒక బరువు కావు" అన్నాడు. నమ్మలేదు. ఇంటికొచ్చాక మా వీధిలో బంగారం కొట్టు కాటా మీద తూచాను, షాపాయన నవ్వాడు. ఒక్కోటి 9 గ్రాములని పెట్టె మీద ఉంది. వచ్చినవి 8.4, 9.1, 9.0, 10.2, 8.7, 9.9. ఆరూ ఒకే బరువు లేకపోతే వేరియేటర్ సమంగా ఎలా జరుగుతుంది? బరువైనవి వేరియేటర్‌లో అవి జరిగే దారిని తొలిచేశాయి, వేరియేటర్ కూడా పోయింది.

అన్నిటికంటే మండే సంగతి ఇంకోటుంది. విప్పిన పాత సామాను కవర్లో దాచాను, అది కూడా ఎస్.కోట మెకానిక్ పెద్దాయనకి చూపించాను. పాత రోలర్లు ఒక పక్క అరిగి చదునైపోయాయి, అందుకే కొండ మీద గేరు పూర్తిగా కిందికి దిగడం లేదట. బెల్ట్ అరిగింది. ఎయిర్ ఫిల్టర్ మట్టి పట్టి ఉంది. వెనక టైరులో గాలి 20, డబుల్స్‌కి 36 పెట్టమని బండి మీద స్టిక్కరే ఉంది. అంటే నా బండికి కావాల్సింది హిల్ కిట్ కాదు, సర్వీసు! కంపెనీ రోలర్లు, బెల్ట్, ఫిల్టర్, కూలీతో కలిపి 2,400లో పోయేది. ఇప్పుడు వేరియేటర్, ఫ్యాన్ పుల్లీ, బెల్, క్లచ్ షూలు కూడా పడి 6,900 అయింది, కిట్ 4,850, వ్యాన్ 1,200 వేరే.

కాబట్టి బండి కొండ ఎక్కడం లేదంటే ముందు ఎడమ కేసు విప్పించి రోలర్లు చేత్తో తిప్పి చూడండి, ఫిల్టర్, గాలి చూడండి. కంపెనీవే కొత్తవి వేసి నెల నడిపి, అప్పటికీ చాలకపోతే ఒకటో రెండో గ్రాములు తేలిక రోలర్లు మాత్రం వేయించండి, తూచి మరీ వేయించండి. ఘాట్ దిగేవాళ్లు క్లచ్ స్ప్రింగుల జోలికి పోవద్దు. వారంటీలో ఉన్న బండి అయితే ఇదంతా అసలే వద్దు.

నాకు డబ్బు తిరిగి రాలేదు. "వాడిన సామానుకి రిటర్న్ లేదు" అని మెసేజ్ పెట్టి నంబరు బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, వాళ్లు మొదట అడిగింది బిల్లే, నా దగ్గర యూపీఐ స్క్రీన్‌షాట్ తప్ప ఏమీ లేదు. పెట్టె మీద తయారీదారు పేరు లేదు, అడ్రసు లేదు, ఎమ్మార్పీ లేదు, తయారైన నెల లేదు. పసుపు పెట్టె, మీద ఎర్ర మంట బొమ్మ, ఏవో జపాన్ అక్షరాలు. మొన్న చూస్తే అదే పెట్టెకి వేరే పేరు అంటించి 3,999కి పెట్టారు, వీడియో మాత్రం అదే.