పదకొండేళ్ల డికాక్షను

శాఖాపరమైన పరీక్షలకు చదవడం మొదలుపెట్టిన ఏడాది తిరుపతి గాంధీ రోడ్డులో స్టీలు ఫిల్టరు కొన్నాను. పదకొండేళ్లయింది. పైగిన్నె చిల్లులు సగం పూడుకుపోయి డికాక్షను దిగడానికి అరగంట పడుతోంది. ఫిల్టరు సంగతి అంతే. కాఫీ జ్ఞాపకశక్తికి మంచిదని నమ్మి, ఆ ఫిల్టరులో దిగిన డికాక్షనుతో నాలుగు పరీక్షలు రాశాను. ఆ అనుభవం చెబుతాను.

మొదటి ఏడాది రాత్రి పదింటికి పెద్ద గ్లాసు తాగి, రెండింటి దాకా సెలవు నిబంధనలు చదివేవాణ్ణి. చదువుతున్నంతసేపూ అంతా వచ్చేసినట్టే ఉండేది. పొద్దున స్నానం చేస్తూ నెమరు వేసుకుంటే ఆర్జిత సెలవు, అర్ధవేతన సెలవు కలగాపులగం. ఆ పేపరు తప్పాను. కాఫీ చాలలేదేమోనని రెండో గ్లాసు కలిపాను. అదీ నా తెలివి!

మెదడులో పగలంతా అడినోసిన్ అనే రసాయనం పోగై నిద్ర తెప్పిస్తుంది. కాఫీలోని కెఫీన్ దానికి అడ్డుపడి ఆ కబురు అందనివ్వదు. అలసట మాత్రం అలాగే ఉంటుంది. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు. అంటే కొండ మీద సుప్రభాతం వేళకు కూడా నా రాత్రి గ్లాసులో సగం మేలుకునే ఉంది. చదివింది స్థిరపడేది నిద్రలో. ఆ నిద్రే నాకు లేదు.

2014లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు కొందరికి బొమ్మలు చూపించి, ఆ తరువాత 200 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చారు. మర్నాడు వాళ్లు కొద్దిగా మార్చిన బొమ్మలను మిగతావాళ్ల కంటే బాగా పసిగట్టారు. మెలిక ఏమిటంటే, వాళ్లు కెఫీన్ అలవాటు పెద్దగా లేనివాళ్లు. నాలాంటి పాత కాపు కాదు. అయినా ఆశ కొద్దీ పద్ధతి మార్చాను. తెల్లవారుజామున ఐదింటికి చదువు, చదివాకే కాఫీ, మధ్యాహ్నం రెండు దాటితే బంద్. పేపరు గట్టెక్కింది. ఘనత ఎవరిదంటే నా ఓటు నిద్రకే.

ఆ రోజుల్లోనే మా ఆవిడ నాకు చెప్పకుండా 80 పాళ్లు కాఫీ, 20 పాళ్లు చికోరీ వేరు పొడి కలిసిన 80-20 పొడికి బదులు 60-40 తెచ్చింది. చికోరీలో కెఫీన్ ఉండదు. నెల రోజులు తాగినా నేను కనిపెట్టలేదు, నా చదువూ కుంటుపడలేదు.

రెండేళ్ల కిందట పూర్తిగా మానేసి చూశాను. మానిన మర్నాడే అలిపిరి మెట్లెక్కడం పొరపాటు. 3,550 మెట్లలో గాలిగోపురం చేరేసరికి కణతలు పగిలిపోతున్నాయి. ఏళ్లుగా నోటికి వచ్చిన విష్ణు సహస్రనామం మధ్యలో తప్పిపోయి, మళ్లీ మొదటికి వెళ్లాల్సి వచ్చింది. ఆరో రోజుకు తల తేలికపడింది, నామాలు తిరిగి వచ్చాయి. అంతకుముందు కంటే ఎక్కువేమీ గుర్తుండలేదు, తక్కువా కాదు. అలాంటప్పుడు మానడం దేనికని మళ్లీ మొదలుపెట్టాను.

రుచికి ఐదుకు ఐదు వేస్తాను, జ్ఞాపకశక్తికి రెండు. ఇప్పుడు పొద్దున ఒక గ్లాసు, పదకొండింటికి ఒకటి. చిత్తూరు వెళ్లినప్పుడు సాయంత్రం కాఫీ వద్దంటే మా అత్తగారు ఇప్పటికీ నొచ్చుకుంటారు.