ఆకుపచ్చ గడి చెప్పని సంగతి: టైటానియం ప్రింటర్‌తో నాలుగేళ్లు

మా చర్లపల్లి షెడ్‌లో ఈ మెషీన్ దిగి నాలుగేళ్లు దాటింది. లోహపు పొడిని పలుచగా పరిచి, లేజర్‌తో పొర మీద పొర కరిగిస్తూ ముక్కను కట్టే 3డీ ప్రింటర్ ఇది. 400 వాట్ల ఫైబర్ లేజర్ ఒక్కటే. పని దాదాపు అంతా టీఐ64, అంటే 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన టైటానియం. బ్రోషర్‌లో ఉన్నవి ఇక్కడ మళ్లీ రాయను. నేను రాయదలుచుకున్నది దీని సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగుల పేజీ కుడి పక్కన ఉండే ఒక చిన్న గడి గురించి. దాని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

ఈ మెషీన్‌కు లేజర్ సెట్టింగులు మామూలుగా తాళం వేసి ఇస్తారు. విడిగా డబ్బు కడితే ఆ తాళం తీస్తారు. అప్పుడు పవర్, వేగం, హాచ్ దూరం (పక్కపక్క లేజర్ గీతల మధ్య ఎడం), పొర మందం అన్నీ మన చేతిలో ఉంటాయి. మేము మొదటి ఏడాదే ఆ డబ్బు కట్టాం. ఆ తర్వాత అడిగినవాళ్లందరికీ నేను చెప్పిందొకటే: తాళం తీయించుకోకుండా ఈ మెషీన్ కొనొద్దు. అలా చెప్పడానికి కారణం ఉంది. కింద ఆధారం లేకుండా పొడి మీదే వేలాడే భాగాలు మొదట్లో గరుకుగా, బొడిపెలతో వచ్చేవి. టైటానియం పొడి వేడిని సరిగా లాగదు, అందుకే అక్కడ కరిగిన లోహం కిందికి దిగిపోతుంది. ఆ పొరలకు మాత్రమే పవర్ తగ్గించుకునేసరికి ముక్క అడుగు భాగం చేతికి నున్నగా తగిలింది. ఆ రోజు మా కుర్రాళ్లు ఆ ముక్కను షెడ్ అంతా తిప్పి చూపించారు.

ఇక ఆ గడి సంగతి. మనం కొట్టిన నాలుగు అంకెలూ తీసుకుని అది ఎనర్జీ డెన్సిటీ లెక్క కడుతుంది. పవర్‌ను వేగం, హాచ్, పొర మందం మూడింటి గుణకారంతో భాగించడమే. మెషీన్‌తో వచ్చిన సెట్టింగ్ 280 వాట్లు, సెకనుకు 1200 మిల్లీమీటర్లు, హాచ్ 0.14, పొర 0.03 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే ఘన మిల్లీమీటరుకు 55.6 జౌల్స్. అంకె హద్దులో ఉంటే గడి ఆకుపచ్చగా, దాటితే ఎర్రగా మారుతుంది.

రెండో ఏడాది ఒక కస్టమర్ బ్రాకెట్ల ఆర్డర్ తెచ్చాడు. పలుచటి గోడలు, ఎన్నో చిన్న కిటికీలు ఉన్న డిజైన్. ఒక్కో ప్లేటుకు, అంటే ఒక విడతలో కలిపి కొట్టే ముక్కలన్నిటికీ, రెండు రోజులు పట్టేది. సార్ అడిగారు, "కొంచెం తొందరగా లాగలేమా?" అని. నేను పవర్ 370కి, వేగం 1585కి పెంచాను. గడిలో మళ్లీ అదే 55.6, అదే ఆకుపచ్చ. దాంతోపాటు గీత చివర లేజర్‌ను కాసేపు ఆర్పే స్కైరైటింగ్ అనే ఆప్షన్‌ను కూడా ఆపేశాను, చిన్న చిన్న గీతలున్న డిజైన్‌లో అది బాగా టైమ్ తింటుంది కాబట్టి. గడి రంగు మారలేదు. రెండు రోజుల ప్లేటు ఒకటిన్నర రోజులో దిగింది.

నేనేమీ గుడ్డిగా చేయలేదు. టెస్ట్ క్యూబులు కొట్టాం. నీళ్లలో తూచి డెన్సిటీ చూస్తే దాదాపు పూర్తిగా నిండుగా ఉన్నాయి. ఒక క్యూబును కోసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాం. మధ్యలో ఎక్కడా రంధ్రం లేదు. ముక్కలు వెండిలా మెరుస్తున్నాయి, నీలం రంగు ఛాయ కూడా లేదు. ధైర్యంగా మొదటి లాట్ పంపేశాం.

బ్రాకెట్లతోపాటే నిలువుగా కొట్టిన ఫటీగ్ శాంపిళ్లను (పదే పదే లోడ్ వేసి ఎప్పుడు విరుగుతాయో చూసేవి) కస్టమర్ బయటి ల్యాబ్‌కు ఇచ్చాడు. వాటిని దాదాపు అసలు సైజులోనే ప్రింట్ చేసి, పైన 0.2 మిల్లీమీటరు మాత్రమే లేత్ మీద తీశాం. ఆరింటిలో రెండు మిగతావాటి దరిదాపుల్లోకి కూడా రాకుండా విరిగిపోయాయి. ఆ ఫోన్ వచ్చిన రాత్రి నాకు నిద్ర లేదు. లాట్ మొత్తం వెనక్కి వచ్చింది.

ల్యాబ్‌లో విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూపించారు. అంచున, ఉపరితలానికి ఆనుకుని, ఒక గుండ్రటి రంధ్రం. గోడలు నున్నగా ఉన్నాయి. సరిగా కరగక వచ్చే లోపమైతే అది బల్లపరుపుగా, వంకరటింకరగా ఉంటుంది, లోపల కరగని పొడి రేణువులు కనిపిస్తాయి. ఇది అది కాదు, లేజర్ మరీ లోతుగా దిగిన చోట మిగిలే రంధ్రం. అక్కడ పనిచేసే పెద్దాయన ఒక మాట అడిగారు: "బాబూ, మీరు క్యూబు మధ్యలో చూశారు. అంచు చూశారా?" షెడ్‌కు వచ్చి అదే క్యూబును మళ్లీ పెట్టి అంచు వెంట జరిపాను. బయటి గీత లోపలి వైపున, అక్కడక్కడ చుక్కలు పెట్టినట్టు రంధ్రాల వరస. శాంపిళ్లలో మేము లేత్ మీద తీసిన 0.2 మిల్లీమీటరు సరిగ్గా ఆ వరసను బయట పెట్టింది.

ఎందుకలా జరిగిందో అర్థం కావడానికి నాకు కొన్ని వారాలు పట్టింది. ముగ్గు వేసేటప్పుడు మలుపు దగ్గర చెయ్యి నెమ్మదిస్తే అక్కడ పిండి ఎక్కువ పడుతుంది కదా, లేజర్ కూడా అంతే. గీత చివర వెనక్కి తిరగడానికి లోపలి అద్దాలు వేగం తగ్గించాలి. లేజర్ మాత్రం అదే పవర్‌తో మండుతూ ఉంటుంది. అక్కడ లోహం మరిగి ఆవిరై, ఆ ఆవిరి ఒత్తిడికి కరిగిన మడుగులో సన్నటి లోతైన గుంట పడుతుంది. కిరణం ఆ గుంట గోడల మధ్య అటూ ఇటూ తగులుతూ ఇంకా ఎక్కువ వేడినిస్తుంది. అంతలో కిరణం ముందుకు సాగిపోతుంది. గుంట పైన మూసుకుపోయి, ఆర్గాన్ గ్యాస్ లోపలే చిక్కుకుని, లోహం గడ్డకడుతుంది. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ వాళ్లు 2019లో ఎక్స్‌రేతో తీసి చూపించింది సరిగ్గా ఇదే, టీఐ64లో, లేజర్ మలుపు దగ్గర. నేను అది ముందే చదివి ఉండాల్సింది.

స్కైరైటింగ్ చేసే పని ఇక్కడే ఉంది. ట్రాక్టర్ చాలు చివరికి రాగానే నాగలి ఎత్తేసి, గట్టు దగ్గర తిరిగి, మళ్లీ చాల్లోకి వచ్చాక దించినట్టు, లేజర్‌ను గీత చివర ఆర్పేసి, అద్దాలు బయట తిరిగి వేగం అందుకున్నాక మళ్లీ వెలిగిస్తుంది. టైమ్ తింటుందని నేను ఆపేసింది దాన్నే.

ఆ గడికి ఇదంతా తెలియదు. అద్దం ఎక్కడ నెమ్మదించిందో, లేజర్ చుక్క ఎంత వెడల్పుందో, కిరణం పొడి మీద పడే ముందు దాటి వచ్చే గాజు మీద ఎంత మసి పట్టిందో దాని లెక్కలో లేవు. 140 వాట్లు, 600 వేగం కొట్టినా అదే 55.6 చూపిస్తుంది, అదే ఆకుపచ్చ. పెద్ద మంట మీద ఐదు నిమిషాలు, సన్న సెగ మీద పావుగంట వండినప్పుడు గ్యాస్ ఒకటే ఖర్చయినా పప్పు ఒకేలా ఉడకదని మా అమ్మకు తెలుసు. పవర్, వేగం రెండూ కలిపి పెంచితే ఆ అంకె కదలకపోయినా మడుగు లోతు మారుతుంది. దాని పక్కన కనీసం ఒక హెచ్చరికైనా రాయాల్సింది. కొత్త ఆపరేటర్ దాన్ని పాస్ మార్కు అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను.

స్కైరైటింగ్ తిరిగి ఆన్ చేసి, అదే 370 వాట్లతో మళ్లీ క్యూబులు కొట్టి, ఈసారి నాలుగు అంచులూ చూశాను. చుక్కల వరస దాదాపు పోయింది. వేగంలో మిగిల్చిన టైమ్‌లో సగానికి పైగా అలాగే నిలిచింది. ఈ మెషీన్ నాకిచ్చిన పెద్ద సంతోషం అదే. అయినా ఆ కస్టమర్ బ్రాకెట్లను ఇప్పటికీ 280 మీదే కొడుతున్నాను. ఒకసారి పోయిన నమ్మకాన్ని అర రోజు కోసం మళ్లీ పణంగా పెట్టలేను.

కాబట్టి తాళం తీయించుకోమని అప్పట్లో అందరికీ చెప్పిన మాటను కొంచెం సవరించుకుంటున్నాను. మాలాగా చిన్న జాబ్ షాప్ నడుపుతూ, వారానికో కొత్త డిజైన్ వచ్చేవాళ్లకు అది కావాలి. ఒకటే ముక్కను ఏడాదంతా కొట్టేవాళ్లకు, ముఖ్యంగా ఇంప్లాంట్లు చేసేవాళ్లకు, కంపెనీ ఇచ్చిన సెట్టింగే నయం అనిపిస్తోంది. ముక్కలన్నిటికీ హిప్, అంటే అన్ని వైపుల నుంచీ గ్యాస్ ఒత్తిడిలో వేడి చేయడం, చేయించే స్థోమత ఉన్నవాళ్ల సంగతి వేరు. 900 డిగ్రీల పైన, 100 మెగాపాస్కల్ ఒత్తిడిలో లోపలి రంధ్రాలు చాలావరకు మూసుకుంటాయి. మా కస్టమర్లు ఎక్కువమంది ఆ ఖర్చు పెట్టరు, వాక్యూమ్‌లో వేడి చేసి లోపలి బిగువు తగ్గించే స్ట్రెస్ రిలీఫ్‌తోనే సరిపెట్టుకుంటారు. పైకి తెరుచుకున్న రంధ్రాన్ని హిప్ కూడా మూయలేదు.

ఇప్పుడు రెండో మెషీన్ మాట నడుస్తోంది. దానికీ తాళం తీయిద్దామని సార్ అంటున్నారు. సరే, కానీ ముందు మనకే సొంతంగా ఒక కటింగ్ మెషీన్, పాలిషింగ్ టేబుల్, మంచి మైక్రోస్కోప్ కొనండి అని అడిగాను. కొటేషన్లు తెప్పిస్తున్నాం.