బ్యూటైల్ టేపు: మా పెంకుల వరండాకు ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ వేయకూడదు

మా ఇల్లు బొల్లారంలో. లోపల గదులకు స్లాబే గానీ ముందు వరండాకు మంగళూరు పెంకులు. ఆ పెంకులు ఇంటి గోడకు ఆనే చోట ఏటా వానాకాలంలో నీళ్లు కారి, గోడ పెచ్చులు ఊడేవి. ఈసారి వానలు మొదలవకముందే రాణిగంజ్‌లోని ఒక హార్డ్‌వేర్ షాపులో అల్యూమినియం బ్యూటైల్ టేపు కొని నేనే వేశాను. 15 సెంటీమీటర్ల వెడల్పు రోల్ తీసుకున్నాను. గోడ మీద సగం, పెంకు మీద సగం రావాలంటే అంతకంటే సన్నది చాలదు. పెద్ద వానలు చూశాకే ఇది రాస్తున్నాను.

గోడ అంచు దగ్గర కారడం పూర్తిగా ఆగింది. అందుకు ఈ టేపుకు మంచి మార్కులు వేస్తాను. కానీ ప్యాకెట్ మీద పగిలిన పెంకుకు టేపు అంటిస్తున్న బొమ్మ ఒకటి ఉంది. దాన్ని మాత్రం నమ్మకండి.

కొనేటప్పుడు చూడాల్సింది అడుగున ఉండే జిగురు. అసలైన బ్యూటైల్ ఒక రకం రబ్బరు. చివర కొంచెం లాగితే బబుల్‌గమ్‌లా సాగుతుంది, వాసన పెద్దగా ఉండదు. తారు వాసన గుప్పుమంటే అది తారు టేపు. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, పెంకు పైభాగం అంతకంటే కాలిపోతుంది. ఆ వేడికి తారు మెత్తబడి జారుతుంది. షాపులో రెండూ పక్కపక్కనే పెట్టి, రెండింటినీ వాటర్‌ప్రూఫ్ టేపనే అమ్ముతున్నారు. కాబట్టి విప్పి చూపించమని అడగండి, మొహమాటపడొద్దు.

అంటించడం తేలికే, శుభ్రం చేయడంలోనే కష్టమంతా. పెంకు మట్టిది, దుమ్మునూ నాచునూ పట్టి ఉంచుతుంది. ఇనుప బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వాలి. గోడకు పాత వెల్ల ఉంటే ప్లాస్టరు కనిపించేదాకా గీకేయాలి. లేదంటే టేపు వెల్లకు అంటుకుంటుంది, వెల్ల గోడను వదిలేస్తుంది. మా వీధి మేస్త్రి ఇంకో మాట చెప్పాడు: "గోడకు గాడి కొట్టుండ్రి మేడమ్. టేపు పై అంచు గాడిల పెట్టి సిమెంటుతోని మూస్తేనే నిలబడ్తది." అలాగే చేశాను. గోడ మీంచి జారే నీళ్లు టేపు వెనక్కి పోకుండా ఆపుతున్నది ఆ గాడే. రెండు ముక్కలు కలిసే అతుకు పెంకు గట్టు మీదికి వచ్చేలా చూసుకోండి, నీళ్లు పారే పల్లంలోకి వద్దు. పల్లాల్లో టేపును వేలితో నొక్కుతూ పోవాలి. గాలి బుడగ మిగిలితే అక్కడి నుంచే లేస్తుంది.

ఇక పగిలిన పెంకు సంగతి. పెంకుల కప్పు కింద గాలి ఆడాలి, లోపలికి చేరిన చెమ్మ బయటికి పోవాలి. పెంకుల మధ్య సందులన్నీ టేపుతో మూసేస్తే ఆ చెమ్మ కింది రీపర్లకు, అంటే పెంకులు ఆనే సన్న చెక్కలకు పట్టి, అవి పుచ్చిపోతాయి. పెంకు మార్చడం టేపు వేయడం కంటే సులువు కూడా. కప్పు ఎక్కనక్కర్లేదు. వరండాలో నిచ్చెన వేసుకుని కింది నుంచే పై వరుస పెంకును కాస్త ఎత్తిపట్టి, పగిలినదాన్ని లాగేసి, కొత్తదాని కొక్కెం రీపరుకు తగిలించాలి. అయితే కంపెనీ కంపెనీకీ అచ్చు వేరు, గాడులు కలవవు. పాత సామాను అమ్మేచోటికి మీ పెంకు ఒకటి పట్టుకెళ్లి జత చూసుకోండి. వేలి కణుపుతో కొడితే ఖంగుమనాలి. మొద్దుగా మోగితే లోపల చీలిక ఉన్నట్టే. కొన్నిటి మీద బాసెల్ మిషన్ అనే పాత పెంకుల కంపెనీ ముద్రతో 1865 అని కనిపిస్తుంది. అది ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది, ఆ పెంకు వయసు కాదు. దాన్ని చూపించి ఎక్కువ అడిగితే ఇవ్వకండి.

చూరు వరుసకు టేపు అస్సలు వద్దు. నీళ్లు దిగిపోవాల్సిన దారి అదే. అక్కడ భయం గాలికి పెంకు లేస్తుందనీ, కోతులు కదిలిస్తాయనీ. చాలా పెంకులకు అడుగున తీగ దూర్చే చిన్న రంధ్రం ఉంటుంది. జీఐ తీగతో రీపరుకు కట్టేయండి. కొప్పు పెంకుల కింద పగిలిన మాలుకు ఒట్టి సిమెంటు గట్టిగా వేస్తే మళ్లీ నెర్రెలిస్తుంది. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక కలిపి వేయించాను, ఇప్పటిదాకా గీత పడలేదు. ఆ పని మాత్రం మేస్త్రికే వదిలేయండి. పెంకుల మీద కాలు పెట్టకుండా వాసాలకు అడ్డంగా పలక వేసుకుని ఎక్కడం వాళ్లకు అలవాటు.

టేపు పని తెల్లవారుజామునే పెట్టుకోండి. ఎండెక్కాక టేపు మీది అల్యూమినియం రేకు చేతులు కాల్చేస్తుంది. మిగిలిన రోల్ నీడలో ఉంచండి.