స్పీడ్ చలాన్: ఇప్పుడే కట్టాలా, డిస్కౌంట్ దాకా ఆగాలా?

"కెమెరా కొట్టింది, 1,035 పడింది. ఇప్పుడే కట్టేయాలా, ఆఫర్ వచ్చేదాకా ఆగాలా?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. వెయ్యి జరిమానా, 35 యూజర్ ఛార్జీ. హైదరాబాద్‌లో కారు నడిపేవాళ్లకు ఆ అంకె కంఠతా వచ్చు.

ఆగేవాళ్ల లెక్క మరీ తప్పేమీ కాదు. న్యూయార్క్‌లో స్పీడ్ కెమెరాకు చిక్కితే 50 డాలర్లు, గడువు దాటితే ఇంకో 25. మన దగ్గర లేటు ఫీజు మాట అటుంచి, ఆలస్యం చేసినవాళ్లకే లాభం వచ్చింది. 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద బైకులకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26న మళ్లీ తెరిచి బైకులకు 80, కార్లకు 60 అన్నారు. గడువు పెంచుకుంటూ ఫిబ్రవరి 15 దాకా లాగారు. నేను ఆ నవంబరులోనే బుద్ధిగా మొత్తం కట్టేశాను. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు.

అయినా సరే, కారుకైతే వెంటనే కట్టేయమనే చెప్తాను. ఆ రెండు ఆఫర్ల మధ్య ఇరవై నెలలు గడిచాయి. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఆఫర్ కోసం ఆగేవాళ్లు చలాన్ తెరిచి కూడా చూడరు. మా బావగారు అలాగే వదిలేశారు. కారు అమ్మే రోజు, కొనేవాళ్లు ఫోన్‌లో నంబరు కొట్టి చూస్తే ఐదు పెండింగ్. ఫొటోలు తెరిస్తే నాలుగింటిలో అదే ఫ్లైఓవర్, వెనకాల అదే నగల షాపు హోర్డింగ్. హద్దు 60, ఈయన 71, 74, 69, మళ్లీ 71. రోజూ ఆఫీసుకు వెళ్లే దారే! మొదటిది చూసి ఉంటే అక్కడ కెమెరా ఉందని తెలిసేది, మిగతా మూడూ పడేవి కావు.

బైకు, ఒకే చలాన్, ఇప్పట్లో అమ్మే ఆలోచన లేదంటారా? ఆగండి, తప్పు పట్టను. ఫొటో మాత్రం ఈ రోజే చూడండి. అందులో ఉన్నది మీ బండి కాకపోతే కట్టకుండా వెంటనే ఫిర్యాదు చేయండి. లోక్ అదాలత్‌కు వెళ్లి రాజీ చేసుకుందామంటారా, ఒక్క చలాన్ కోసం సెలవు పెట్టడం దండగ.

బావగారి కారు కొన్నవాళ్లు 5,175 పట్టుకుని మిగతాది చేతిలో పెట్టారు.