18,600 రూపాయల ముందు యాక్సిల్, అచ్చంపేట ఉస్తాద్: పాత 540 జీపుతో నాలుగు రోజులు

ముందు యాక్సిల్ పనికి మాకు 18,600 రూపాయల బిల్లు ఇచ్చారు. అందులో ‘కింగ్ పిన్ బేరింగులు, కొత్తవి, 4’ అని స్పష్టంగా రాసి ఉంది. కింగ్ పిన్ అంటే స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం పక్కకు తిరిగే కీలు. ఆ నాలుగు బేరింగులూ ఇప్పుడు గుడ్డసంచిలో మా ఇంట్లోనే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ కొత్తది కాదు. పాత జీపు బాగుచేయించుకుని దూరం పోదామనుకునే వాళ్లు నాలాగా మోసపోకూడదని ఇదంతా రాస్తున్నాను.

జీపు మా నాన్నది. 1988 మహీంద్రా ఎంఎం 540, ప్యూజో డీజిల్ ఇంజన్, 2112 సీసీ, నాలుగు గేర్లు, ఫోర్ వీల్ డ్రైవ్. నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటకు ఎరువులు మోసింది అదే, కాయలు మార్కెట్టుకు చేర్చిందీ అదే. నాన్న పోయాక తొమ్మిదేళ్లు రేకుల షెడ్డులో ఉండిపోయింది. ఎలుకలు వైరింగ్ మొత్తం కొరికేశాయి. ఈ జూన్‌లో దాని మీదే లద్దాఖ్ వెళ్లాలని నేను, మా బామ్మర్ది, మేనల్లుడు అనుకున్నాం.

అయిన ఖర్చు ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఇంజన్ బోరింగ్, పిస్టన్లు 48,000. పంపు, నాజిల్స్ 17,500. క్లచ్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకు ఇంజన్ శక్తిని పంచే పెట్టె) 31,000. ఫ్లోర్ టింకరింగ్, పెయింట్ 62,000. టైర్లు ఐదు 34,500. వైరింగ్ 12,400. ముందు యాక్సిల్ 18,600. మొత్తం 2,24,000. ఇంజన్, పంపు పని నల్లగొండలోనే చేయించాం, వాటితో ఏ ఇబ్బందీ రాలేదు. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు యాక్సిల్ మాత్రం హైదరాబాద్‌లో ఒక పేరున్న వర్క్‌షాపుకు ఇచ్చాం. అక్కడ చేయిద్దామన్నది మా బామ్మర్ది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో!

కాగితాల సంగతి కూడా ముందే చూసుకోండి. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యూవల్ ఐదేళ్లకే ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో కార్లు, జీపులకు ఆ ఫీజు 5,000 చేశారు. నేను 2024లో కట్టింది అదే. 2025లో ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు దాన్ని ఇంకా పెంచారు. ఇంకోటి, ఇలాంటి పాత డీజిల్ బండ్లకు ఢిల్లీలో నిషేధం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టింది. అందుకే ఢిల్లీ వైపు పోకుండా బికనీర్, అమృత్‌సర్, జమ్మూ మీదుగా శ్రీనగర్ చేరి, జోజిలా దాటి లేహ్ వెళ్లేలా దారి వేసుకున్నాం.

అంత దూరం పోయే ముందు మన దగ్గరే తిప్పి చూద్దామని జనవరిలో నాలుగు రోజులు పెట్టుకున్నాం. దేవరకొండ దాకా బ్రహ్మాండంగా పోయింది. డిండి రిజర్వాయర్ దగ్గర టీ తాగి శ్రీశైలం హైవే ఎక్కాం. స్పీడు 55. ఒక కల్వర్టు అతుకు మీద ముందు చక్రాలు ఎగిరి పడ్డాయి, అంతే, స్టీరింగ్ నా చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నంతగా కొట్టుకుంది. బానెట్ ఊగుతోంది, అద్దం ఊగుతోంది, వెనక సీట్లో మేనల్లుడు “మామా, ఆపు, ఆపు” అని అరుస్తున్నాడు. ఎదురుగా లారీ వస్తోంది. గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఏ పక్కకు లాగుతుందో తెలియదు. కాలు తీసేసి, మెల్లగా బ్రేకు మీద పెట్టి 20కి తెచ్చేసరికి ఆ ఊపు ఆగింది. బండి పక్కకు పెట్టాక రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.

వర్క్‌షాపుకు ఫోన్ చేశాను. “టైర్ బ్యాలెన్సింగ్ చేయించుకోండి సార్, మా పనిలో లోపం ఉండదు” అన్నాడు. వీడియో పంపిస్తానంటే, ఇప్పుడు బిజీగా ఉన్నానని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఆ ఫోన్ మాటలు విన్నాక మా బామ్మర్ది ముఖం మాడిపోయింది. నేను ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన్ని ఎక్కువ బాధపెట్టినట్టుంది.

35 దాటకుండా అచ్చంపేట చేరాం. పాత జీపుల పని ఎవరికి వచ్చని ఒక ట్రాక్టర్ డ్రైవర్‌ని అడిగితే ఊరి చివర రేకుల షెడ్డు చూపించాడు. ఉస్తాద్‌కు డెబ్బై ఏళ్లకు దగ్గరగా ఉంటాయి. నేను చెప్పింది మొత్తం విన్నాడు. జాకీ పెట్టి చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపాడు. టక్ టక్ మంది. “టైరు కాదు సార్, కింగ్ పిన్” అన్నాడు.

విప్పాక లోపలి గ్రీజు తుడిచి, కింది బేరింగు గిన్నెను నా చేతిలో పెట్టి “గోరుతో గీకి చూడండి” అన్నాడు. నున్నగా ఉండాల్సిన చోట, రోలర్ ఎక్కడ ఆనుతుందో అక్కడల్లా, చిన్న చిన్న గాట్లు. వేలితో తడిమితే మెట్లలా తగులుతున్నాయి. చక్రం నేరుగా ఉన్నప్పుడు రోలర్లు ఆ గాట్లలోనే కూర్చుంటాయట. ఏళ్ల తరబడి ఒకేచోట దెబ్బలు తిని అలా అవుతుందని చెప్పాడు. “గిది కొత్తది కాదు సార్. కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ ఎక్కించిండ్రు. షిమ్‌లు కూడా పాతవే.” షిమ్ అంటే బిగుతు సరిచేయడానికి బేరింగు మూత కింద పెట్టే పల్చటి రేకు. నాలుగు బేరింగుల పరిస్థితీ అదే.

కొత్త బేరింగులు కల్వకుర్తి నుంచి బస్సులో తెప్పించాలి, పొద్దున్నే వస్తాయన్నాడు. ఆ రాత్రి అక్కడే ఒక లాడ్జిలో దిగాం. ముగ్గురికి 1,400. గీజర్ ఉందన్నారు, లేదు. వేడినీళ్లు బకెట్‌కు 40 అడిగారు. కిటికీ రెక్క మూసుకోదు, దోమలు ఆగవు, రాత్రంతా నీళ్ల మోటారు మోత. గది చూడకుండా డబ్బులు కట్టకండి, నేను చెప్పేది అంతే.

మర్నాడు ఉస్తాద్ పని చూడటం నాకు ఈ యాత్రలో అన్నిటికన్నా నచ్చింది. కొత్త బేరింగులు ఎక్కించి, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ విప్పి పక్కన పెట్టి, చేపల వాళ్ల దగ్గర ఉండే కొక్కెం స్ప్రింగ్ కాటా ఒకటి తెచ్చాడు. ఆ కొక్కేన్ని స్టీరింగ్ ఆర్మ్ రంధ్రంలో తగిలించి మెల్లగా లాగాడు. ముల్లు ఆగి ఆగి కదిలింది. మూత విప్పి ఒక పల్చటి షిమ్ తీశాడు, మళ్లీ బిగించాడు, మళ్లీ లాగాడు. షిమ్ తీస్తే బిగుసుకుంటుంది, వేస్తే వదులవుతుంది. ఒక్కో పక్క ఐదారుసార్లు చేశాడు. ముల్లు ఒకే చోట నిలబడి చక్రం సాఫీగా తిరిగే దాకా వదల్లేదు. వర్క్‌షాపులో ఈ కాటా మాటే నాకు వినిపించలేదు. మీరు పని చేయించేటప్పుడు ‘బిగుతు దేనితో చూస్తారు’ అని అడగండి. ‘చేత్తో చూస్తాం’ అంటే బండి అక్కడి నుంచి తీసుకొచ్చేయండి.

బిల్లు ఇదీ: బేరింగులు నాలుగు, ఒక్కోటి 640 చొప్పున 2,560. సీళ్లు, గ్రీజు 380. కూలి 1,200. మొత్తం 4,140. మధ్యాహ్నం ఇంటి నుంచి జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ తెప్పించి మాకూ పెట్టాడు. రొట్టెలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నేను మూడు తిన్నాను. దానికి డబ్బు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

తర్వాత ఘాట్‌లో పరీక్ష. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, అమ్రాబాద్ పులుల అడవి కదా, అది లెక్క చూసుకుని బయల్దేరండి. ఫరహాబాద్ వ్యూపాయింట్‌కు మన జీపును పోనివ్వరు, అటవీశాఖ సఫారీ బండిలోనే పోవాలి. ఫోర్ వీల్ ఉంది కదా అని ఆశపడిన మేనల్లుడు కాసేపు అలిగాడు. ఈగలపెంట దాటాక డ్యాం దాకా దిగుడు మొత్తం సెకండ్ గేర్‌లోనే దించాను. ఈ బండికి నాలుగూ డ్రమ్ బ్రేకులే, తొక్కుతూ పోతే వేడెక్కి పట్టవు. డ్యాం దిగువ వంతెన దాటి అవతలి ఘాట్ ఎక్కినా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. శ్రీశైలంలో సత్రం గది, దర్శనం, అన్నీ సాఫీగా అయ్యాయి. తిరుగుదారిలో అదే హైవే మీద 60లో అలాంటి అతుకులు ఎన్నో దాటాం, స్టీరింగ్ వణకలేదు. కొల్లాపూర్ మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. సోమశిలలో కృష్ణ ఒడ్డున గంటసేపు కూర్చున్నాం.

మా బామ్మర్ది రెండు రోజుల తర్వాత మనస్ఫూర్తిగా నవ్వింది జూరాల దగ్గర. ప్రాజెక్టు పక్కన చేపల్ని అప్పటికప్పుడు కోసి, కారం పట్టించి, నూనెలో వేయించి ఇస్తారు. ముగ్గురం కిలోన్నర తిన్నాం, 720 అయింది. పైన కరకర, లోపల మెత్తగా, ముల్లు తేలిగ్గా వచ్చేసింది. చేయి కడుక్కుంటూ “నా మాట విని నీకు నష్టమైంది బావా” అన్నాడు. ఆ మాటతో నా మనసూ తేలికపడింది. జూరాల మీదుగా పోతే ఆకలితో పోండి, దారిలో ఎక్కడా తినకండి.

అలంపురంలో జోగులాంబ దర్శనం చేసుకుని, బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు చూశాం. నేను ఎక్కువసేపు నిలబడింది మాత్రం సంగమేశ్వరాలయం దగ్గర. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి నుంచి రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ కట్టారు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, అతుకులు ఎంత సరిగ్గా కూర్చున్నాయో. మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి చూసి, జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా ఇంటికొచ్చాం. మొత్తం దాదాపు 800 కిలోమీటర్లు, డీజిల్‌కు 7,050. లీటరుకు 11 ఇచ్చింది.

తిరిగొచ్చాక బేరింగుల సంచి పట్టుకుని వర్క్‌షాపుకు వెళ్లాను. ఓనర్ ముందు ఇవి మావి కావన్నాడు. బిల్లు చూపించాక కుర్రాళ్ల పొరపాటన్నాడు. 4,000 ఇచ్చి, ఇక ఏ క్లెయిమూ లేదని కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. నేను పెట్టలేదు, డబ్బూ తీసుకోలేదు. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు బిల్లు, ఫొటోలు సిద్ధం చేశాను.

ఉస్తాద్ మేలో నల్లగొండ వస్తానని మాటిచ్చాడు. బస్సు చార్జీలు, రోజుకు 1,500. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా వాళ్లే చేశారని చెబితే ఫోన్‌లో కాసేపు ఆగి, “అయితే అవి కూడా విప్పుదాం సార్” అన్నాడు.