నాన్న, ప్యాకార్డ్ కారు, డేటన్‌లో ఆ హోటల్

ముందు హోటల్ సంగతి చెప్పేస్తాను. అది చెప్పకుండా మిగతాది రాయబుద్ధి కావడం లేదు.

మేముండేది మిషిగన్‌లోని నోవైలో. నాన్న గుడివాడ ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. ఈ వేసవిలో మా దగ్గరికి వచ్చారు. నయాగరా చూపించాం, షికాగో చూపించాం. అన్నిటికీ "బాగుందిరా" అని ఊరుకున్నారు. ఒకప్పుడు అమెరికాలో పేరుపొంది, ఇప్పుడు తయారీ లేని ప్యాకార్డ్ కార్ల మ్యూజియాలు ఒహాయోలో రెండున్నాయి, వెళ్దామా అని అడిగితే మాత్రం ఆ రాత్రే చొక్కాలు ఇస్త్రీ చేసుకున్నారు.

మొదటి రాత్రికి, అందులో ఒక మ్యూజియం ఉన్న డేటన్ శివార్లలో ఐ-75 హైవే పక్కన హోటల్ బుక్ చేశాను. పెద్ద హోటల్ చెయిన్ బోర్డు, రాత్రికి 89 డాలర్లు, పన్నులతో 101.35. బోర్డు చూసి నమ్మడమే నేను చేసిన తప్పు. నాన్‌స్మోకింగ్ రూమ్ అని ఇచ్చారు, తలుపు తీయగానే సిగరెట్ కంపు. కర్టెన్‌కి కాలిన చిల్లు. మా ఆవిడ అప్పుడే ఫోన్‌తో గదంతా వీడియో తీసింది. రూమ్ మార్చమంటే ఖాళీల్లేవన్నారు. ఏసీ తెల్లవార్లూ గడగడలాడింది. బ్రేక్‌ఫాస్ట్ తొమ్మిదింటి దాకా అని రాసి ఉంది, 7:40కి వెళ్తే పాలు కూడా లేవు. ఇంతవరకైతే సర్దుకుపోయేవాళ్లం.

ఇంటికొచ్చిన మూడో రోజు కార్డు మీద ఇంకో 200 డాలర్లు పడ్డాయి. ఫోన్ చేస్తే, గదిలో ఘాటైన వంట వాసన ఉందట, క్లీనింగ్ ఫీజట. మేం వండిందేమీ లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం, నాన్న ఊరినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి, అంతే. ఫోన్ స్పీకర్‌లో ఉంది. పక్కనే ఉన్న నాన్నకి విషయం అర్థమైపోయింది. "పచ్చడి నేనే కదా తీయమన్నాను" అని లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

ఆ ఫీజు చెల్లదని బ్యాంకులో డిస్ప్యూట్ పెట్టి, మా ఆవిడ తీసిన వీడియో జత చేశాం. 19 రోజులకి డబ్బు వెనక్కి వచ్చింది. కానీ నాన్న ఇప్పటికీ మా ఇంట్లో పచ్చడి సీసా మూత తీసే ముందు లేచి వెళ్లి కిటికీ తెరుస్తున్నారు. నాకు కోపం అందుకు. మీరు ఏ హోటల్లో దిగినా సామాన్లు లోపల పెట్టకముందే గది మొత్తం వీడియో తీసుకోండి. డెబిట్ కార్డు ఇవ్వకండి, క్రెడిట్ కార్డే ఇవ్వండి.

ఇక కార్ల సంగతి.

బయల్దేరిన రోజు కొంచెం చుట్టు తిరిగి డెట్రాయిట్‌లో ఈస్ట్ గ్రాండ్ బూలవార్డ్ మీదుగా వెళ్లాం. ఆల్బర్ట్ కాన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసిన ప్యాకార్డ్ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది. అందులో 10వ నంబరు భవనాన్ని 1905లోనే ఇనుప కడ్డీల కాంక్రీట్‌తో కట్టారు. ఆ రోజుల్లో కార్ల ఫ్యాక్టరీలకి అది కొత్త పద్ధతి. ఏళ్ల తరబడి పాడుబడి ఉండి, రోడ్డు మీదుగా భవనాల్ని కలిపే వంతెన 2019లో కూలింది. 2022లో మిగతావి కూల్చడం మొదలుపెట్టారు. ఇప్పుడు చూడ్డానికి చాలావరకు ఖాళీ నేలే. నాన్న కారు దిగలేదు. అద్దం దించి చూసి, "ఎంతమంది పని చేసుంటారో" అన్నారు. పిల్లల్ని తీసుకుని దీనికోసమే వెళ్లక్కర్లేదు.

డేటన్ మ్యూజియం మాత్రం తప్పకుండా చూడాలి. సౌత్ లడ్లో వీధిలో 1917లో ప్యాకార్డ్ షోరూమ్‌గా కట్టిన భవనమే ఇప్పుడు మ్యూజియం. అందువల్ల కార్లు ప్రదర్శనకి పెట్టినట్టు ఉండవు, అమ్మకానికి పెట్టినట్టు ఉంటాయి. రేడియేటర్ పైభాగం రెండు పక్కలా వంపు తిరిగి ఎద్దుల కాడిలా కనిపిస్తుంది, ప్రతి చక్రం నడిమధ్యలో ఎర్రని ఆరు పలకల గుర్తు ఉంటుంది. మా అమ్మాయి పది నిమిషాల్లోనే దూరం నుంచి ప్యాకార్డ్‌ని పోల్చడం నేర్చుకుంది. నలుగురి టికెట్లకీ కలిపి మాకు ఒక పూట హోటల్ భోజనమంత అయింది. రెండు గంటలు పెట్టుకోండి. మేం మూడున్నర గంటలున్నాం.

అసలు సంగతి బయట పార్కింగ్‌లో జరిగింది. డెబ్బై దాటిన ఒక పెద్దాయన తన 1955 ప్యాకార్డ్ పెట్రీషియన్ తెచ్చుకున్నారు. నాలుగు తలుపుల సెడాన్, 352 క్యూబిక్ ఇంచుల వి8 ఇంజన్, 260 హార్స్‌పవర్. క్రోమ్ మీద ఒక్క మచ్చ లేదు. నాన్న వెళ్లి దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని కిందకి తొంగిచూశారు. నాకు టెన్షన్ పట్టుకుంది, పరాయివాళ్ల కారు కదా అని. నాన్న మాత్రం, "ఒరే, దీనికి కమాను కట్టల్లేవు, స్ప్రింగుల్లేవు. ఇది దేనిమీద నిలబడిందో అడుగు" అన్నారు.

అడిగాను. ఆ పెద్దాయన ముఖం వెలిగిపోయింది. ఆ మాట ఇన్నేళ్లలో అడిగినవాళ్లు తక్కువట. దాన్ని టార్షన్-లెవెల్ అంటారు. విలియం ఆలిసన్ అనే ఇంజనీర్ ఆలోచన. ముందు చక్రం నుంచి అదే వైపు వెనక చక్రం దాకా పొడవాటి ఉక్కు కడ్డీ ఉంటుంది. ముందు చక్రం గుంతలో పడితే ఆ కడ్డీ మెలితిరిగి, ఆ బలం వెనక చక్రానికీ అందుతుంది. దాంతో బండి ముందుకీ వెనక్కీ ఊగదు. బరువెక్కితే సరిచేయడానికి విడిగా ఒక కరెంటు మోటార్ ఉంది. ఆయన నోటితో చెప్పి ఊరుకోలేదు. నాన్ననీ, మా ఆవిడనీ, నన్నూ వెనక సీట్లో కూర్చోమన్నారు. బండి వెనక భాగం కిందకి దిగింది. బయట నిలబడ్డ మా అమ్మాయి గట్టిగా లెక్కపెట్టింది. ఏడు అనేసరికి కింద ఎక్కడో సన్నగా మోటార్ మూలిగింది. మేం ముగ్గురం కూర్చుని ఉండగానే కారు మెల్లగా పైకి లేచి సమంగా నిలబడింది. బండి గతుకుల మీద వెళ్లేటప్పుడు మోటార్ ఊరికే పనిచెయ్యకుండా ఆ ఏడు సెకన్లు ఆగుతుందట. నాన్న సీటు మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయారు.

అలాంటి కారు తయారీ మరుసటి ఏడాదే ఎలా ఆగిపోయిందని నాన్న అడిగారు. ప్యాకార్డ్‌కి బాడీలు కట్టిచ్చే బ్రిగ్స్ కంపెనీని 1953లో పోటీ కార్ల కంపెనీ క్రైస్లర్ కొనేసింది. బాడీల పని సొంతంగా చేసుకోవాల్సి వచ్చి, కానర్ అవెన్యూలో ఇరుకైన ఫ్యాక్టరీకి మారారు. 1955 కార్లకి అక్కడ బిగింపులు సరిగ్గా కుదరక ఫిర్యాదులు వచ్చాయి. స్టూడీబేకర్ అనే ఇంకో కార్ల కంపెనీతో 1954లో కలవడం వల్ల నష్టాలు పెరిగాయి. 1956 జూన్‌లో డెట్రాయిట్‌లో అసలైన ప్యాకార్డ్ తయారీ ఆగిపోయింది. తర్వాత రెండేళ్లు స్టూడీబేకర్ బాడీల మీద ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు. తన బండి తలుపులు సరిచేసుకోవడానికి రెండు చలికాలాలు పట్టిందని ఆ పెద్దాయన చెప్పారు. "డిజైన్ చేసినవాడి తప్పు కాదు, తొందరపెట్టినవాడి తప్పు" అన్నారు నాన్న. నేను అనువదించి చెబితే ఆ పెద్దాయన, నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు.

మర్నాడు డేటన్‌లోనే వైమానిక దళం మ్యూజియం చూశాం. ప్రవేశం, పార్కింగ్ రెండూ ఉచితం. అక్కడి మస్టాంగ్ పి-51డి యుద్ధవిమానం దగ్గర ఆగండి. దాని మెర్లిన్ ఇంజన్ రోల్స్ రాయిస్ డిజైనే కానీ తయారీ ప్యాకార్డ్‌ది. ఫోర్డ్ వద్దన్న పనిని 1940లో ప్యాకార్డ్ తీసుకుంది. బ్రిటిష్ డ్రాయింగుల్ని తమ పద్ధతిలో మళ్లీ గీసుకుని, యుద్ధం ముగిసేలోపు 55,000కు పైగా ఇంజన్లు చేసింది.

రెండో రాత్రి వారెన్‌లో ఒక ఇంటి పై అంతస్తులో గది, 104 డాలర్లు. హాయిగా గడిచింది.

వారెన్ ప్యాకార్డ్ సోదరుల సొంత ఊరు. జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్, అన్న విలియం అప్పటికే అక్కడ ఎలక్ట్రిక్ దీపాల వ్యాపారం చేసేవాళ్లు. జేమ్స్ 1898లో ఒక వింటన్ కారు కొన్నాడు. అది క్లీవ్‌లాండ్ నుంచి ఇల్లు చేరేలోపే ఆగిపోయింది. ఫిర్యాదు చేయబోతే, అంత తెలిస్తే నువ్వే చేసుకో అన్నాడట ఆ కార్లు చేసే అలెగ్జాండర్ వింటన్. 1899 నవంబర్ 6న మొదటి ప్యాకార్డ్ వారెన్ వీధుల్లో తిరిగింది. ఆ మొదటి కారు కోసం వారెన్ వెళ్లకండి, అది జేమ్స్ చదువుకున్న పెన్సిల్వేనియా లీహై యూనివర్సిటీలో ఉంది. వారెన్ మ్యూజియం చిన్నదే కానీ ఈ అన్నదమ్ముల కథ ఇక్కడే బాగా తెలుస్తుంది. కంపెనీ నినాదం గోడల మీద కనిపించింది: "ఆస్క్ ది మేన్ హూ ఓన్స్ వన్". అంటే, ఉన్నవాణ్ని అడిగి చూడండి అని. పార్కింగ్‌లో మేం చేసిందీ అదే. హోటల్ బుక్ చేసేటప్పుడు కూడా ఆ పని చేసుండాల్సింది.

పెట్రోలుకి మొత్తం 96 డాలర్లయింది. పెద్దవాళ్లతో వెళ్తే వారెన్‌కి ఒక పూట చాలు, డేటన్‌కి రోజున్నర కావాలి.

ఇంటికొచ్చిన రాత్రే నాన్న గుడివాడలో తన పాత డిపో స్నేహితుడికి వీడియో కాల్ చేశారు. హోటల్ వేసిన ఫీజు మాట అప్పటికింకా తెలియదు. మంచం మీద దిండు పెట్టి, దాన్ని అరచేత్తో కిందకి అదిమి పట్టుకుని, "చూడరా ఇప్పుడు" అంటూ ఏడు దాకా లెక్కపెట్టారు.