‘ఫుల్ స్క్రీన్’ అని రాసున్న డీవీడీ కొంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి

పాత సినిమాల డిస్కులు కొని దాచుకునే అలవాటున్నవాళ్ల కోసం ఇది. నాకు ముందే ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ఎన్నాళ్లుగానో వెతుకుతున్న ఒక స్కోప్ సినిమా (అంటే బాగా వెడల్పాటి బొమ్మతో తీసిన సినిమా) డీవీడీ కిందటి నెల దొరికింది. అట్ట మీద సన్నటి పట్టీలో ‘ఫుల్ స్క్రీన్’ అని ఉంది. అదేంటని అడిగితే అమ్మేవాడు, "పైనా కిందా నల్ల పట్టీలు రావండీ, తెర నిండా బొమ్మే" అన్నాడు. మంచిదే కదా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

టైటిల్స్ పడుతున్నంతసేపూ బొమ్మ పూర్తి వెడల్పుతో బాగానే వచ్చింది. పేర్లు సగానికి తెగితే బాగుండదు కాబట్టి అంతవరకు ముట్టుకోలేదన్నమాట. చివరి పేరు పోగానే బొమ్మ ముందుకు దూకినట్టు ఒక్కసారిగా పెద్దదైంది. ఇక కోత మొదలు.

అందులో నాకు బాగా గుర్తున్న సీను ఒకటుంది. పొడుగాటి భోజనాల బల్ల, ఈ చివర భర్త, ఆ చివర భార్య, మధ్యలో పూలకుండీ. ఇద్దరూ మాట్లాడరు. థియేటర్లో ఇద్దరినీ ఒకేసారి చూస్తూ కూర్చుంటాం, ఆ దూరమే ఆ సీను. ఈ డిస్కులో నాకు కనిపించింది పూలకుండీ. ఎడమ అంచున చెంచా పట్టుకున్న చెయ్యి, కుడి అంచున ముక్కు కొస. కాసేపటికి కెమెరా మెల్లగా భార్య వైపు జరిగింది. అసలు సినిమాలో ఆ షాట్‌లో కెమెరా కదలనే కదలదు! డిస్క్ కోసం బొమ్మ కోసినవాళ్లే ఏ ముక్క చూపించాలో ఎంచుకుని అటూ ఇటూ జరిపారు. దీన్ని పాన్ అండ్ స్కాన్ అంటారు.

ముందు టీవీదే తప్పనుకుని అరగంట సేపు సెట్టింగ్స్‌తో కుస్తీ పట్టాను. డిస్కులో లేని బొమ్మను టీవీ ఎక్కణ్నుంచి తెస్తుంది?

స్కోప్ బొమ్మ ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 2.35 ఉంటుంది. పాత 4:3 టీవీ వెడల్పు 1.33 మాత్రమే. ఎత్తు తగ్గకుండా ఆ తెర నింపాలంటే నూటికి 43 వంతుల బొమ్మ పారెయ్యాలి. దాదాపు సగం సినిమా! విడ్డూరం ఏంటంటే, ఆ 4:3 బొమ్మను ఇప్పటి 16:9 టీవీలో పెడితే ఎడమా కుడీ నల్ల పట్టీలు వస్తాయి. పట్టీలు రావని అమ్మిన సరుకులో పట్టీలు పక్కలకి మారాయంతే. రిమోట్‌తో సాగదీస్తే మనుషులంతా పొట్టిగా, లావుగా తయారవుతారు.

వాపసు తీసుకోమంటే సీలు విప్పారు కదా అన్నారు. నిజమే, విప్పకుండా ఎలా తెలుస్తుంది?

కాబట్టి కొనేముందు అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. 2.35:1, 2.39:1, 1.85:1 లాంటి అంకె ఉండాలి, పక్కనే ‘అనమార్ఫిక్’ అనో ‘16:9’ అనో ఉండాలి. అంటే బొమ్మను పక్కల నుంచి నొక్కి డిస్కులో పెట్టారు, చూసేటప్పుడు అది 16:9 వెడల్పుకి విచ్చుకుంటుందన్నమాట. ఉత్త ‘లెటర్‌బాక్స్’ అని మాత్రమే ఉంటే, అంటే పైనా కిందా నల్ల పట్టీలతో సహా 4:3 బొమ్మగా ఎక్కించి ఉంటే, అది ఇంకో తలనొప్పి: బొమ్మ తెగదు గానీ, నాలుగు వైపులా నలుపు మధ్య చిన్నగా తేలుతుంది. పైనుంచి కిందికి 480 అడ్డగీతలతో బొమ్మ గీసే డిస్కులో స్కోప్ బొమ్మకి 272 గీతలే దక్కుతాయి. జూమ్ చేస్తే మసక.

అలాగని 4:3 అని కనబడగానే పారిపోకండి. 1953లో సినిమాస్కోప్ రాకముందు సినిమాలు దాదాపు ఆ ఆకారంలోనే తీసేవారు. వాటికి పక్కల పట్టీలు రావడమే సరైనది. అలాంటి పాత సినిమాని ‘వైడ్‌స్క్రీన్’ అని అమ్ముతుంటే అనుమానించండి, అక్కడ తలలూ కాళ్లూ తెగుతాయి.

టీవీలో ఆటో జూమ్ ఉంటే అది కూడా ఆపెయ్యండి. మంచి డిస్క్ పెట్టినా, స్కోప్ బొమ్మతో 16:9 తెర నింపాలని చూస్తే పావు వంతు పక్కలకి పోతుంది.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు అట్ట వెనక ఫొటో అడిగి తెప్పించుకోండి. అట్ట ముందువైపు బొమ్మ ఫుల్ స్క్రీన్‌కీ వైడ్‌స్క్రీన్‌కీ చాలాసార్లు ఒకేలా ఉంటుంది. "అన్నీ ఒకటేనండీ" అనేవాళ్ల దగ్గర నేనైతే కొనడం మానేశాను.